కాషన్, వార్నింగ్, డేంజర్: వీటిలో ఏది పెద్దది, తెలుగులో దేన్ని ఎలా రాయాలి?

ప్రశ్న
అడిగినవారు: సాంకేతిక అనువాదకురాలు, పటాన్‌చెరు

అందరికీ నమస్కారం. ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే ఒక సంస్థ కోసం ఇంగ్లీషు మాన్యువల్‌ను తెలుగులోకి తెస్తున్నాను. యంత్రం నడిపే ఆపరేటర్లూ, మరమ్మతు చేసే ఫిట్టర్లూ దీన్ని చదవాలి. యంత్రానికి అంటించే స్టిక్కర్ల మీదికి కూడా ఇవే మాటలు ఎక్కుతాయి. 2025 వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 108వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద ఫ్యాక్టరీలో ప్రదర్శించవలసిన నోటీసులు ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో కూడా ఉండవలసి వచ్చేది. ఆ భాషలో ఏ ఇంగ్లీషు మాటకు ఏ మాట వాడాలన్నది మాత్రం రాసేవారికే వదిలేశారు. నా ఇబ్బంది అక్కడే మొదలైంది.

ఈ మాన్యువల్‌లో నాలుగు రకాల పెట్టెలు ఉన్నాయి. ఎరుపు పట్టీ మీద డేంజర్, నారింజ రంగు మీద వార్నింగ్, పసుపు మీద కాషన్, నీలం మీద నోటీస్ అని ఉన్నాయి. పాత ముద్రణలో డేంజర్‌కు ‘ప్రమాదం’ అనీ, వార్నింగ్‌కూ కాషన్‌కూ ‘జాగ్రత్త’ అనీ, నోటీస్‌కు ‘గమనిక’ అనీ రాశారు. నిఘంటువు చూస్తే వార్నింగ్‌కు ‘హెచ్చరిక’, కాషన్‌కు ‘హెచ్చరిక, జాగ్రత్త’ అని కనబడుతోంది. పెట్టెల లోపల ఉన్న వాక్యాల్లో బీ కేర్‌ఫుల్, ఎక్సర్‌సైజ్ కాషన్, టేక్ కేర్, బివేర్ అని రకరకాలుగా ఉంటే, పాత అనువాదంలో అన్నింటికీ ‘జాగ్రత్త వహించండి’ అన్న ఒక్క మాటే వాడారు. ఒకే పేజీలో ఆ మాట పదేపదే వచ్చేసరికి చదివేవారి చూపు దాన్ని దాటి వెళ్ళిపోతుంది. ఏది వేలు కాలే సంగతి, ఏది ప్రాణం పోయే సంగతి అన్నది తెలుగు చదివిన మనిషికి తెలియడం లేదు.

నాకు ముఖ్యంగా రెండు విషయాలు తెలియాలి. కాషన్, వార్నింగ్ మాటల్లో ఏది పెద్దది, ఆ వరుస అన్నిచోట్లా ఒకటేనా? రెండోది, ‘హెచ్చరిక’ అని రాస్తే యాజమాన్యం కార్మికులను బెదిరిస్తున్నట్టు ఉంటుందని సంస్థలోని సూపర్‌వైజర్ గారు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం ఎంతవరకు సరైనది?

సమాధానం 1
పారిశ్రామిక భద్రతా విభాగం ఉద్యోగి, విశాఖపట్నం

మీరు చెప్పిన నాలుగు పెట్టెలూ అమెరికాలో వాడుకలో ఉన్న ఆన్సీ జెడ్ 535 ప్రమాణం నుంచి వచ్చినవి. రంగులు కూడా సరిగ్గా అవే. ఆ ప్రమాణంలో ఈ మాటలకు నిర్వచనాలు ఉన్నాయి కనుక ఇక్కడ నిఘంటువుతో పని లేదు. డేంజర్ అంటే, ఆ పరిస్థితిని తప్పించుకోకపోతే మనిషి చనిపోవడమో తీవ్రంగా గాయపడడమో జరిగి తీరుతుందని అర్థం. వార్నింగ్ అంటే అదే చావు, అదే తీవ్ర గాయం జరిగే అవకాశం ఉందని అర్థం. కాషన్ అంటే చిన్నపాటి గాయమో ఒక మోస్తరు గాయమో కావచ్చునని అర్థం. నోటీస్ అన్నది మనిషికి దెబ్బ తగిలే విషయం కానే కాదు, యంత్రమో సరుకో పాడవుతుందని చెప్పడానికి వాడతారు.

డేంజర్‌కూ వార్నింగ్‌కూ మధ్య గాయం తీవ్రతలో తేడా ఏమీ లేదన్నది గమనించండి. తేడా అంతా అది ఎంత ఖాయమన్న దానిలో ఉంది. వార్నింగ్‌కూ కాషన్‌కూ మధ్య తేడా మాత్రం గాయం ఎంత పెద్దదన్న దానిలో ఉంది. ఇంగ్లీషులో ఈ తేడాను విల్, కుడ్ అన్న రెండు సహాయక క్రియలు మోస్తున్నాయి. తెలుగులో ఆ పని చేయడానికి మన క్రియాపదాల చివరలు చాలు. ‘తెగిపోతుంది’ అన్నప్పుడు ఖాయం, ‘తెగిపోవచ్చు’ అన్నప్పుడు అవకాశం. పాత అనువాదాల్లో చాలావరకు మర్యాద కోసమో అలవాటు కొద్దీనో అన్ని వాక్యాలనూ ‘వచ్చు’తో ముగిస్తారు. పెట్టె మీద ఎంత పెద్ద మాట పెట్టినా లోపలి వాక్యం అలా మెత్తబడితే ఆ పెట్టె డేంజర్ కాకుండా పోతుంది.

మీ యంత్రానికే ఒక ఉదాహరణ రాస్తాను. డేంజర్ పెట్టెలో: ‘బ్లేడు తిరుగుతుండగా గార్డు తీసి చెయ్యి పెడితే వేళ్ళు తెగిపోతాయి. మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, బ్లేడు పూర్తిగా ఆగిన తరువాతే గార్డు తీయండి.’ కాషన్ పెట్టెలో, ప్యాకెట్లను వేడితో అతికించే సీలింగ్ జా గురించి: ‘సీలింగ్ జా వేడిగా ఉంటుంది. చెయ్యి తగిలితే చర్మం కాలవచ్చు. చల్లారేవరకు ఆగండి.’ రెండింటిలోనూ ‘జాగ్రత్త వహించండి’ అన్న మాట లేదు, దాని అవసరమూ కలగలేదు. ఏం జరుగుతుందో, ఏం చేయాలో చెప్పగలిగినచోట జాగ్రత్త వహించమని మళ్ళీ చెప్పడం వృథా అని నా అభిప్రాయం.

పెట్టెల పేర్లకు నేను వాడేవి ఇవి: డేంజర్‌కు ‘ప్రాణాపాయం’, వార్నింగ్‌కు ‘హెచ్చరిక’, కాషన్‌కు ‘జాగ్రత్త’, నోటీస్‌కు ‘గమనిక’. డేంజర్‌కు ‘ప్రమాదం’ అని నేను రాయను. ఈ రోజుల్లో ఆ మాట జరిగిపోయిన యాక్సిడెంటుకు ఎక్కువగా స్థిరపడింది. ‘రోడ్డు ప్రమాదం’ అంటే జరిగిందనే కదా అనుకుంటాం. పాత కరెంటు స్తంభాల మీద పుర్రె బొమ్మ కింద ‘అపాయము’ అని రాసినవారు ఈ విషయంలో మనకంటె నికార్సుగా ఆలోచించారు.

కాషన్ కంటే వార్నింగ్ బరువైనదన్న భావం ఈ ప్రమాణంతో పుట్టింది కాదు. అమెరికాలో 1965 నాటి చట్టం సిగరెట్ పెట్టెల మీద మొదటిసారి తప్పనిసరి చేసిన వాక్యం ‘కాషన్’ అనే మాటతో మొదలయ్యేది, సిగరెట్ తాగడం ఆరోగ్యానికి హాని కావచ్చునని చెప్పేది. 1970లో వచ్చిన తరువాతి చట్టం ఆ ‘కాషన్’ను తీసి ‘వార్నింగ్’ పెట్టింది, ‘కావచ్చు’ను తీసి అపాయకరమని సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య ముఖ్యాధికారి) నిర్ధారించారని రాయించింది. మొదటి మాటా మార్చారు, వాక్యంలోని క్రియా మార్చారు. నేను పైన చెప్పిన పద్ధతి అదే.

రసాయనాల డ్రమ్ములు వస్తే మాత్రం ఈ లెక్క మారుతుంది. రసాయనాల లేబుళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో తయారైన జీహెచ్ఎస్ పద్ధతిలో సంకేత పదాలు, అంటే ముప్పు స్థాయిని చెప్పే మాటలు, రెండే, డేంజర్, వార్నింగ్. కాషన్ అన్నది అక్కడ లేదు. కాబట్టి డ్రమ్ము మీద కనబడే వార్నింగ్ రెండింటిలో చిన్నది. యంత్రం మీది వార్నింగ్ పై నుంచి రెండోది, దాని కింద కాషన్ ఇంకా ఉంది. ఒకే షెడ్డులో ఒకే మాటకు రెండు స్థాయులు ఉన్నాయన్నమాట.

సమాధానం 2
విశ్రాంత వ్యవసాయాధికారి, గుంటూరు జిల్లా

పై సమాధానం చదివిన తరువాత పురుగుమందుల డబ్బాల సంగతి ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది. అక్కడ ఈ వరుస ఇంకా తలకిందులుగా ఉంటుంది. మన రాష్ట్రాల్లో ఫ్యాక్టరీ స్టిక్కర్లు చదివేవారికంటే ఈ డబ్బాలు చేతబట్టేవారే చాలా ఎక్కువ.

కీటకనాశనుల నిబంధనలు, 1971 ప్రకారం ప్రతి డబ్బా మీద మూలమీద నిలబెట్టిన ఒక చతురస్రం ఉండాలి. అది అడ్డంగా రెండు త్రికోణాలుగా విడిపోయి ఉంటుంది. కింది త్రికోణంలో రంగు, పై త్రికోణంలో సంకేత పదం ఉంటాయి. అత్యంత విషపూరితమైన వాటికి ఎరుపు రంగు, పుర్రె బొమ్మ, ‘పాయిజన్’ అన్న మాట. రెండో తరగతికి పసుపు రంగు, మళ్ళీ ‘పాయిజన్’ అన్న మాటే, పుర్రె బొమ్మ మాత్రం ఉండదు. మూడో తరగతికి నీలం రంగు, ‘డేంజర్’ అన్న మాట. నాలుగో తరగతికి ఆకుపచ్చ రంగు, ‘కాషన్’ అన్న మాట. వార్నింగ్ అన్న సంకేత పదం ఈ వరుసలో లేదు.

అంటే మన దేశపు పురుగుమందుల డబ్బా మీద డేంజర్ అని ఉంటే అది నాలుగింటిలో మూడోది, ఒక మోస్తరు విషం. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం పురుగుమందు మీద డేంజర్ అని ఉంటే అది అన్నిటికంటే పై తరగతి, దాని తరువాత వార్నింగ్, ఆ తరువాత కాషన్. ఒకే రంగంలో, ఒకే రకం సరుకు మీద, ఒకే ఇంగ్లీషు మాట సముద్రం దాటేసరికి ఒకటో మెట్టు నుంచి మూడో మెట్టుకు దిగింది. అందుకే డేంజర్ అనే మాటకు తెలుగులో ఒక్క సమానార్థకం నిర్ణయించి అన్నిచోట్లా అదే వాడాలనుకోవడం సరికాదు. నీలం త్రికోణం మీద ‘ప్రాణాపాయం’ అని రాస్తే, దానికంటే పైన ఉన్న పసుపుకూ ఎరుపుకూ రాయడానికి ఇక మాట మిగలదు.

పొలాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఎర్ర త్రికోణం కాదు. దాన్ని చూసి రైతులు ఎంతో కొంత భయపడతారు. భయం లేనిది ఆకుపచ్చ దగ్గర. ఆకుపచ్చ రంగూ, పక్కన ‘జాగ్రత్త’ అన్న మెత్తని మాటా చూసి, ఇది ఏమీ చేయని మందు అనుకుని, మాస్కూ చేతి తొడుగులూ లేకుండా, గాలికి ఎదురుగా నిలబడి మిరపతోటలో పిచికారీ చేసేవారిని ఎందరినో చూశాను. ఆకుపచ్చ తరగతికి ఉన్న అర్థం ఏమిటంటే, నోటి ద్వారా ఇచ్చిన మందు ప్రయోగశాలలోని జంతువుల్లో సగాన్ని చంపడానికి కిలో శరీర బరువుకు 5000 మిల్లీగ్రాముల పైన కావాలని. ఎరుపు తరగతికి ఆ లెక్క 1 నుంచి 50 మిల్లీగ్రాముల వరకు. పసుపుకు 51 నుంచి 500, నీలానికి 501 నుంచి 5000. ఒక్కసారి లోపలికి వెళ్తే ఎంత విషమో ఆ అంకె చెబుతుంది. ఏళ్ళ తరబడి చర్మం మీద పడుతుంటే, ఊపిరితో లోపలికి పోతుంటే ఏమవుతుందన్నది దానిలో లేదు.

మన భాషలోనే ఇంకో చిక్కు కూడా ఉంది. ఒంట్లో బాగా లేకపోతే వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. ‘మందు’ అన్న మాటలోనే మేలు చేసేదన్న భావం దాగి ఉంది కనుక, దాని పక్కన పెట్టే హెచ్చరిక మాట మెత్తగా ఉంటే సరిపోదు. నాకు వీలుంటే ఆకుపచ్చ డబ్బా మీద కూడా ‘ఇది విషమే. ఒంటికి తగలనివ్వకండి’ అని తెలుగులో పూర్తి వాక్యం రాయిస్తాను. నిబంధనలు ప్రాంతీయ భాషలో కూడా లేబుల్ ఉండాలని చెబుతున్నాయి. ఆ లేబుల్‌ను కంటికి ఆనని అక్షరాల్లో వేయడం వల్ల దాని ఉద్దేశమే దెబ్బతింటోంది.

సమాధానం 3
పత్రికా డెస్కులో పనిచేసినవారు, కాకినాడ

వ్యవసాయాధికారి గారు చెప్పిన మెట్ల తేడా తుపాను వార్తల్లో ప్రతి ఏడాదీ కనబడుతుంది. రేవుల్లో ఎగరవేసే సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. మన పత్రికలన్నీ వాటిని ‘ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’, ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని ఒకే మూసలో రాస్తాయి. అసలు పేర్లు వేరు. ఒకటి డిస్టెంట్ కాషనరీ, రెండు డిస్టెంట్ వార్నింగ్, మూడు లోకల్ కాషనరీ, నాలుగు లోకల్ వార్నింగ్. అయిదు నుంచి ఏడు వరకు డేంజర్, ఎనిమిది నుంచి పది వరకు గ్రేట్ డేంజర్. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

మొదటి రెండూ దూర సముద్రం సంగతి. రేవుకు అప్పటికి ముప్పు లేదు, రేవు విడిచి వెళ్ళే ఓడలకు ఉండవచ్చు. మూడూ నాలుగూ ఎగిరినప్పుడు విషయం రేవు దాకా వచ్చిందని అర్థం. అయిదు, ఆరు, ఏడు నంబర్ల మధ్య తేడా తుపాను రేవుకు ఏ పక్కనుంచి వెళ్తుంది, లేక నేరుగా రేవు మీదికే వస్తుందా అన్నదే. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లలోనూ అంతే, తుపాను తీవ్రత మాత్రం ఎక్కువ. కాబట్టి అయిదు తీసి ఆరు ఎగరవేశారంటే తీవ్రత పెరిగిందని రాయడం తప్పు, తుపాను దారి మారిందని రాయాలి. ఒకటో నంబరును కూడా ‘ప్రమాద హెచ్చరిక’ అని రాస్తే, ఎనిమిదో నంబరు ఎగిరిన రోజున చదువరికి చెప్పడానికి వేరే మాట ఉండదు. నా మటుకు నేను కాషనరీకి ‘ముందస్తు సూచన’ అనీ, వార్నింగ్‌కు ‘హెచ్చరిక’ అనీ, అయిదు నుంచి పైన మాత్రమే ‘ప్రమాద హెచ్చరిక’, ‘తీవ్ర ప్రమాద హెచ్చరిక’ అనీ రాయాలని వాదిస్తూ వచ్చాను. భద్రతా విభాగం వారు ‘ప్రమాదం’ మాట వద్దన్నారు గాని, తీరప్రాంతంలో ‘ప్రమాద హెచ్చరిక’ అన్న జంట మాట జనం నోళ్ళలో పాతుకుపోయింది, దాన్ని ఇప్పుడు పెకలించనవసరం లేదు.

వాతావరణ శాఖ తుపాను ప్రకటనల్లోనూ ఇలాంటి వరుస ఉంది. తీరానికి 72 గంటల ముందు ప్రీ సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్ ఇస్తారు. ఇక్కడ మాట మారడానికి కారణం గడువు తగ్గడం. అలర్ట్‌ను ‘అప్రమత్తత’ అని రాస్తున్నారు, అది బాగానే కుదిరింది. గోదావరి వరదకు భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు ఒకటో, రెండో, మూడో హెచ్చరిక ఇస్తారు. ఈ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. మాట ఒకటే ఉంచి అంకె మార్చారు. ముంపు గ్రామాల్లో ‘రెండోది దాటింది’ అంటే చాలు, సామాను ఎప్పుడు సర్దుకోవాలో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

సమాధానం 4
డాలస్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం నుంచి

తుపాను మాట వచ్చింది కనుక ఒక్క విషయం చెబుతాము. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవారు టోర్నడో వాచ్, టోర్నడో వార్నింగ్ మధ్య తేడా తెలియక ఇబ్బంది పడుతున్నారు. వాచ్ అంటే సుడిగాలి పుట్టే పరిస్థితులు ఉన్నాయి, సిద్ధంగా ఉండండి అని. వార్నింగ్ అంటే సుడిగాలి కంటికో రాడార్‌కో కనబడింది, వెంటనే కిటికీలు లేని గదిలోకి, ఇంటి కింది అంతస్తులోకి వెళ్ళండి అని. మన పెద్దవాళ్ళకు రెండింటినీ ‘వార్నింగ్ వచ్చింది’ అని చెబితే వాచ్ వచ్చినప్పుడు అనవసరంగా హడలిపోతారు, వార్నింగ్ వచ్చినప్పుడు వరండాలో నిలబడి మబ్బు చూస్తుంటారు. మేము ఇంట్లో మొదటిదానికి ‘వచ్చేట్టుంది’ అనీ, రెండోదానికి ‘వచ్చేసింది, లోపలికి రండి’ అనీ చెప్పుకుంటాము.

సమాధానం 5
ఇంగ్లీషు అధ్యాపకుడు, వరంగల్

సంకేత పదాల గురించి అనుభవజ్ఞులు చెప్పారు. నేను వాక్యాల్లోని మాటల గురించీ, సూపర్‌వైజర్ గారి అభ్యంతరం గురించీ చెబుతాను.

‘హెచ్చరిక’లో బెదిరింపు ఉందన్న భావన ఎక్కడినుంచి వచ్చిందో ఊహించవచ్చు. ‘నిన్ను హెచ్చరిస్తున్నాను’ అని ఎదుటి మనిషిని కర్మగా పెట్టి అన్నప్పుడు అందులో బెదిరింపు వినబడుతుంది. ఇంగ్లీషులో ఐ యామ్ వార్నింగ్ యూ అన్నా అంతే. కానీ ‘హెచ్చరిక’ అన్న నామవాచకానికి ఆ దోషం లేదు. రాజులు సభకు వచ్చేటప్పుడు, దేవుడి ఉత్సవాల్లో స్వామి వేంచేసేటప్పుడు పలికే మాట హెచ్చరిక. ఆ పేరుతో ఒక పాటల రకమే మన సంగీత సంప్రదాయంలో ఉంది. అక్కడ దాని అర్థం పరాకు లేకుండా ఉండమని. మనకు బెదిరింపు మాట కావాలంటే ‘ఖబడ్దార్’ ఉంది. కాబట్టి పెట్టె మీద ‘హెచ్చరిక’ నిస్సంకోచంగా ఉంచండి, వాక్యం లోపల మాత్రం ‘మిమ్మల్ని హెచ్చరిస్తున్నాము’ అన్న నిర్మాణం రానివ్వకండి.

ఇక కేర్‌ఫుల్, కాషస్, వేరీ (wary) అన్న మూడు విశేషణాలు. చేస్తున్న పని మీద మనసు పెట్టి చేసేవాడు కేర్‌ఫుల్. ముప్పు ఉండవచ్చునని ముందే తలచి, అడుగు వేయాలా వద్దా అని ఆలోచించేవాడు కాషస్. ఎదుటి మనిషినో వస్తువునో నమ్మక, ఓ కన్ను వేసి ఉంచేవాడు వేరీ. మనకు మూడింటికీ వేరువేరు పలుకుబళ్ళు ఉన్నాయి. జాగ్రత్తగా చేశాడు, ఆచితూచి అడుగేశాడు, ఓ కంట కనిపెడుతున్నాడు. కేర్‌ఫుల్ డ్రైవర్ అంటే అద్దాలు చూసుకుంటూ, సిగ్నల్ ఇస్తూ చక్కగా నడిపేవాడు, అది మెచ్చుకోలు. కాషస్ డ్రైవర్ అంటే ఖాళీ రోడ్డు మీద కూడా నెమ్మదిగా, వెనుకాముందాడుతూ నడిపేవాడని కూడా కావచ్చు. అది అన్నిసార్లూ మెచ్చుకోలు కాదు. పరీక్షల్లో ఈ రెండూ ఒకటేనని రాసే విద్యార్థులకు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

కేర్‌ఫుల్ పక్కన వచ్చే విభక్తిలాంటి చిన్న మాటలు కూడా అర్థాన్ని మారుస్తాయి. చేతిలో ఉన్న వస్తువును గురించి అయితే కేర్‌ఫుల్ విత్, గాజు సామానుతోనో కత్తితోనో. మనకు హాని చేసేదాని గురించి అయితే కేర్‌ఫుల్ ఆఫ్, తడిసిన మెట్టు గురించి. మన ఎంపిక గురించి అయితే కేర్‌ఫుల్ అబౌట్, ఏం మాట్లాడాలి, ఎవరిని నమ్మాలి అన్న వాటి గురించి. మీ మాన్యువల్‌లో విత్ కనబడినచోట ‘నెమ్మదిగా పట్టుకోండి’, ఆఫ్ కనబడినచోట ‘చూసుకోండి’ అని రాస్తే ‘జాగ్రత్త వహించండి’ అన్న బరువు మాట చాలాచోట్ల తప్పుతుంది. ఈ ‘చూసుకోండి’ అన్నది చిన్న మాటే గాని చాలా పనికొచ్చేది. లండన్ భూగర్భ రైళ్ళలో 1968 నుంచి వినిపిస్తున్న మైండ్ ద గ్యాప్‌లోని మైండ్ అనే క్రియకు అదే సరైన తెలుగు. మన ఇళ్ళలో తక్కువ ఎత్తు గుమ్మం దగ్గర ‘తల చూసుకోండి’ అనే కదా అంటాము.

వార్న్ అనే క్రియ తరువాత ఆఫ్ వస్తే రాబోయేదాన్ని చెబుతున్నట్టు, అగెయిన్‌స్ట్ వస్తే ఒక పని చేయవద్దని చెబుతున్నట్టు. తెలుగులో ‘వర్షం పడుతుందని హెచ్చరించారు’, ‘బరువులు ఎత్తవద్దని హెచ్చరించారు’ అని క్రియతోనే ఆ తేడా వచ్చేస్తుంది కనుక అనువాదంలో ఇబ్బంది లేదు, ఇంగ్లీషులో రాసేటప్పుడే మన పిల్లలు తడబడతారు. బివేర్‌కు భూతకాల రూపం వాడుకలో లేదు, ఇంగ్ రూపమూ లేదు. ఆజ్ఞగానో, టు, మస్ట్, షుడ్ వంటి మాటల తరువాతనో మాత్రమే వస్తుంది.

బివేర్ మాట వచ్చింది కనుక, గేట్ల మీద మనం రోజూ చూసే ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అన్న బోర్డును ఒకసారి గమనించమని కోరుతున్నాను. ఇంగ్లీషు బోర్డులో ముందు ఆజ్ఞ, తరువాత కుక్క. తెలుగు బోర్డులో ముందు కుక్క ఉందన్న వాస్తవం, తరువాత ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాట. ‘కుక్కల పట్ల జాగ్రత్త వహించండి’ అని ఎవరూ రాయించరు. రాసినా గేటు దగ్గర ఆగి అంతా చదివేలోపు కుక్క వచ్చేస్తుంది. రోడ్ల మీద ‘ముందు మలుపు కలదు’, ‘పిల్లలు తిరిగే ప్రదేశం, నెమ్మదిగా వెళ్ళండి’ అన్నవీ ఇదే వరుసలో ఉంటాయి. ఉన్నదేమిటో ముందు చెప్పి, చేయవలసింది తరువాత చెప్పడం తెలుగు హెచ్చరిక నడక. మీ స్టిక్కర్లు కూడా ఆ నడకలో ఉంటే అవి అనువాదాల్లా కనబడవు.

కాషన్ గురించి ఇంకొక్క మాట. ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరేటప్పుడు కట్టించుకునే కాషన్ డిపాజిట్‌లోని కాషన్‌కు హెచ్చరిక అన్న అర్థం లేదు. అది హామీ సొమ్ము. లాటిన్‌లోని మూలపదానికి పూచీ అనే అర్థం కూడా ఉండేది, ఆ అర్థం ఈ ఒక్క వాడుకలో మన దాకా వచ్చింది. విశేషమేమిటంటే తెలుగు ‘జాగ్రత్త’కు కూడా ఈ రెండో ముఖం ఉంది. ‘ఆ డబ్బు జాగ్రత్త చెయ్యి’ అంటే భద్రపరచమనే అర్థం.

సమాధానం 6
లోకో పైలట్, కాజీపేట

మా దగ్గర కాషన్ అన్న మాటకు ఊహించుకోవలసింది ఏమీ లేదు. రెండు పసుపు దీపాలు వెలిగితే దాని పేరు అటెన్షన్, ఒక్క పసుపు దీపం వెలిగితే దాని పేరు కాషన్. కాషన్ సిగ్నల్ చూసిన వెంటనే, తరువాతి స్టాప్ సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి బండి నడపాలి. అలాగే కాషన్ ఆర్డర్ అన్న కాగితం ఒకటి ఇస్తారు. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు ట్రాక్ పని జరుగుతోందో, అక్కడ వేగం ఎంతకు మించకూడదో అందులో ఉంటుంది. దాన్ని తెలుగు మాట్లాడే లోకో పైలట్లందరం ‘కాషన్’ అనే అంటాము. ‘ఈ సెక్షన్‌లో మూడు కాషన్లు ఉన్నాయి’ అని చెప్పుకుంటాము. పనిలో ఉన్నవాళ్ళ నోట ఒక మాట అంత గట్టిగా కుదురుకున్నచోట దాన్ని అనువదించకపోవడమే క్షేమమని నా అభిప్రాయం. మీ ఫ్యాక్టరీ ఆపరేటర్లు రోజూ ఏ మాటలు వాడుతున్నారో ముందు వారినే అడగండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పెట్టెల పేర్లు విశాఖపట్నం వారు చెప్పినట్టే ఉంచుతున్నాను. ఇంగ్లీషు మాటను కూడా తెలుగు లిపిలో పక్కనే ఉంచుతాను, లోకో పైలట్ గారు చెప్పింది నిజమే, మా ఫిట్టర్లు ‘డేంజర్’ అనే అంటారు. అయిదో సమాధానంలోని నడక ప్రకారం మొదటి అధ్యాయం తిరగరాయడం మొదలుపెట్టాను. ‘జాగ్రత్త వహించండి’ దాదాపు అన్నిచోట్లా అవసరం లేకుండా పోయింది.

ఒక్క సందేహం మిగిలింది. సీలింగ్ జాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమని మాన్యువల్‌లో ఒక కాషన్ పెట్టె ఉంది. కానీ ఆ ద్రావకం వచ్చే డ్రమ్ము మీద డేంజర్ అని ఉంది. దేన్ని అనుసరించాలి?

సమాధానం 1 రాసినవారి నుంచి

రెండూ వేరువేరు విషయాలను కొలుస్తున్నాయి. డ్రమ్ము మీద ఉన్నది ఆ పదార్థం స్వభావం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు అంటుకునే స్థితికి వస్తుంది, అందుకే జీహెచ్ఎస్ దానికి జ్వాల బొమ్మతోపాటు డేంజర్ అన్న మాట ఇచ్చింది. ఆ లేబుల్‌లోని మాటను మీరు మార్చకూడదు. మాన్యువల్‌లో ఉన్నది ఆ పని చేసేటప్పుడు ఉండే ముప్పు. చల్లారిన జాను గుడ్డకు కొద్దిగా ద్రావకం అద్ది తుడిస్తే కళ్ళు మండడం, చర్మం పొడిబారడం వరకే అన్న లెక్కతో వాళ్ళు కాషన్ పెట్టి ఉంటారు. జా వేడిగా ఉండగా తుడిస్తే ఆవిరి ఒక్కసారిగా లేచి, దగ్గర్లో ఏ స్విచ్చు నుంచో రవ్వ పడితే అంటుకుంటుంది, ఆ పరిస్థితికి కాషన్ చాలదు. మీరు సొంతంగా స్థాయి మార్చకుండా ఈ ప్రశ్నను యంత్రం తయారుచేసిన సంస్థ డిజైన్ విభాగానికి రాతపూర్వకంగా పంపండి. వారు ఒప్పుకుంటే దాన్ని వార్నింగ్ పెట్టెలోకి మార్చి ఇలా రాయవచ్చు: ‘ఈ ద్రావకం ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. వేడి జాను దీనితో తుడిస్తే మంటలు లేచి ఒళ్ళు తీవ్రంగా కాలవచ్చు. హీటర్ స్విచ్ ఆపి, జా చేతితో ముట్టుకోగలిగేంత చల్లారిన తరువాతే తుడవండి.’ జవాబు వచ్చేవరకు ఆ పేజీని ముద్రణకు పంపకండి.